ఎప్‌వర్త్ ఇంటి బడి

పిల్లలను ఇంటి దగ్గరే చదివించుకుంటున్న తల్లిదండ్రులు ఈ మధ్య మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఏ వయసులో ఏ పుస్తకం చేతికివ్వాలి? బైబిలునే నేరుగా చదివించాలా, లేక బొమ్మల కథలతో సరిపెట్టి పెద్దయ్యాక చూసుకోవచ్చా? మన బైబిలు గ్రాంథిక భాష పిల్లల నోటికి తిరగదని కొందరి భయం. కష్టమైన పుస్తకం ఇస్తే చదువంటేనే విరక్తి పుడుతుందని మరికొందరి భయం. ఈ భయాలు అర్థం లేనివని మేము అనము. అయితే మూడు వందల ఏళ్ళ క్రితం ఒక తల్లి ఇదే ప్రశ్నను ఎదుర్కొని, ఇరవై ఏళ్ళు దానికే ధారపోసింది. ఆమె సుసన్నా వెస్లీ.

తల్లుల దినం నాడు ఈ పేరు వినబడని సంఘం ఉండదేమో. జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీల తల్లి అనీ, ఏప్రన్ తలమీద కప్పుకుని ప్రార్థించేదనీ చెప్పి ముగిస్తాం. ఆ ఏప్రన్ కథను ఈ వారానికి పక్కన పెడదాం. ఆమె పుస్తకాల సంగతి అంతకన్నా ఎక్కువగా మనకు పనికొస్తుంది.

సుసన్నా 1669 జనవరిలో లండన్‌లో పుట్టింది. తండ్రి డాక్టర్ శామ్యూల్ అన్నెస్లీ. 1662లో ప్రభుత్వం విధించిన ప్రార్థనా క్రమానికి ఒప్పుకోక తమ సంఘాలను పోగొట్టుకున్న సుమారు రెండు వేల మంది కాపరుల్లో ఆయన ఒకడు. ఆయన ఇరవై అయిదుగురు సంతానంలో ఈమే చివరిదని అంటారు. ఆ రోజుల్లో ఆడపిల్లకు చెప్పుకోదగ్గ బడి లేదు. తండ్రి పుస్తకాల గది, ఇంటికి వచ్చిపోయే పండితుల మాటలు, ఇవే ఆమెకు బడి. పదమూడో ఏడు నిండకముందే ఆమె తన తండ్రి పక్షం వాదాన్నీ, ఇంగ్లండు సంఘం వాదాన్నీ తూచి చూసి, తండ్రి విడిచివచ్చిన ఆ సంఘంలోనే చేరాలని నిర్ణయించుకుంది. ఈ నిర్ణయం తండ్రికి ఎంత కష్టంగా తోచి ఉంటుందో ఊహించవచ్చు. అయినా ఆయన కూతురిని దూరం చేసుకోలేదు. తన వ్రాతప్రతులను చివరికి ఆమెకే వదిలి వెళ్ళాడు. పిల్లకు ఆలోచించడం నేర్పిన తండ్రి, ఆ ఆలోచన తనకు విరుద్ధంగా వెళ్ళినా ఓర్చుకున్నాడు. కష్టమైన పుస్తకాలు ఇంట్లోకి తెచ్చే ప్రతి తల్లీ తండ్రీ ఈ సంగతిని ముందే లెక్కలో వేసుకోవాలి.

1688లో ఆమె శామ్యూల్ వెస్లీని పెండ్లాడింది. కొన్నేళ్ళకు వారు లింకన్‌షైర్‌లోని ఎప్‌వర్త్ అనే పల్లెకు వచ్చి స్థిరపడ్డారు. పంతొమ్మిది మంది పుట్టారు, పది మంది బ్రతికారు. భర్త పండితుడే గాని డబ్బు విషయంలో నేర్పు లేనివాడు. 1705లో అప్పు తీర్చలేక లింకన్ కోట చెరసాలలో పడ్డాడు. ఆయన జైల్లో ఉన్నప్పుడు కూడా ఇల్లు నడిచింది, ఇంట్లో బడి నడిచింది.

ఆ బడి సంగతులు మనకు తెలియడానికి కారణం, 1732లో జాన్ అడిగితే ఆమె రాసిన ఒక పొడవైన ఉత్తరం. ఒక్క బిడ్డకు తప్ప ఎవరికీ అయిదేళ్ళు నిండేవరకు అక్షరం చూపించలేదు. అయిదో పుట్టినరోజు దాటిన మరుసటి రోజే చదువు మొదలు. ముందు రోజున ఇల్లంతా సర్దేవారు, ఎవరి పని వారికి అప్పగించేవారు, చదువు గదిలోకి ఎవరూ రాకూడదని ఆజ్ఞ. ఉదయం తొమ్మిది నుండి పన్నెండు, మధ్యాహ్నం రెండు నుండి అయిదు. అక్షరాలు నేర్చుకోవడానికి ఒక్కరోజు గడువు. అక్షరాలు వచ్చాక తొలి పుస్తకం ఏది? ఆదికాండము మొదటి అధ్యాయము.

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఆనాటి ఇంగ్లండులో పిల్లలకు చేతిపలక లాంటి చెక్కమీద అతికించిన అక్షరాల కాగితం ఇచ్చి, దానిమీదే చాలాకాలం గడిపేవారు. సుసన్నా ఆ మధ్య మెట్టును వదిలేసింది. మొదటి వచనం గుణించి చదవాలి, తడబడకుండా వచ్చేవరకు మళ్ళీ మళ్ళీ చదవాలి, తర్వాతే రెండో వచనం. అలా సాగి సాగి రోజుకు పది వచనాల పాఠం. పెద్దకొడుకు శామ్యూల్ ఫిబ్రవరిలో మొదలుపెట్టి పెంతెకొస్తు పండుగ నాటికి ఒక అధ్యాయం చక్కగా చదివేశాడు. నేర్చుకున్న మాట మరే పుస్తకంలో కనబడినా గుర్తుపట్టేవాడని ఆమె ఆశ్చర్యపడింది. అంటే కష్టమైన పుస్తకాన్ని ఆమె తేలిక చేయలేదు, ముక్క చిన్నది చేసింది. మా దృష్టిలో ఆమె పద్ధతి అంతా ఈ ఒక్క పనిలోనే ఉంది. మనం సాధారణంగా దీనికి ఎదురు చేస్తాం. పుస్తకాన్ని పలుచన చేసి, పేజీలు ఎక్కువ చదివిస్తాం.

అయితే ఆ ఒక్కరోజు గడువును మన ఇళ్ళలో ఎవరూ అనుకరించనక్కర్లేదు. వారి ఇరవై ఆరు అక్షరాలు వేరు, మన గుణింతాలు, ఒత్తులు వేరు. ఆమె లెక్క ఆమె పిల్లల విషయంలోనే తప్పింది. మేరీకి, ఆన్‌కు ఒకటిన్నర రోజు పట్టింది. వారు మందబుద్ధులని ఆమె అప్పట్లో అనుకుంది. ఇతర పిల్లలు ఎంతకాలం తీసుకుంటారో చూశాక ఆ అభిప్రాయం మార్చుకుంది. చివరి బిడ్డ కెజియా విషయంలో ఇతరుల మాట నెగ్గి, అయిదేళ్ళకు ముందే చదువు మొదలుపెట్టించారు. మిగతావారికి నెలల్లో వచ్చింది ఆ పిల్లకు ఏళ్ళు పట్టిందని తల్లి స్వయంగా రాసింది. మూడేళ్ళ పిల్లవాడి చేత పెన్సిలు పట్టించి పక్కింటి వారికి చూపించుకునే తల్లిదండ్రులు ఈ మాట చదివి తీరాలి.

ఆ ఉత్తరంలో బెత్తం మాట కూడా ఉంది. ఏడాది నిండిన బిడ్డకు దెబ్బ అంటే భయం నేర్పి, మెల్లగా ఏడవడం అలవాటు చేసిందామె. దీనిని మన బల్లలమీద బోధించేవారు ఉన్నారని మాకు తెలుసు. మేము ఆమోదించము. ఏడాది బిడ్డ ఏడుపు తిరుగుబాటు కాదు. అదే ఉత్తరంలో తప్పు ఒప్పుకున్న బిడ్డను కొట్టకూడదనీ, ఒకే తప్పుకు రెండుసార్లు దండించకూడదనీ కూడా ఉంది. బెత్తం గుర్తుపెట్టుకున్నవారు ఇవెందుకు మరచిపోతారో తెలియదు.

ఆడపిల్లల గురించి ఆమె పెట్టిన నియమం ఆ కాలానికి వింతగా తోచి ఉండాలి. బాగా చదవడం వచ్చేవరకు ఏ ఆడపిల్లకూ కుట్టుపని నేర్పకూడదు. చిన్నతనంలోనే సూది చేతికిచ్చినందువల్లనే చాలామంది ఆడవారు వినసొంపుగా చదవలేకపోతున్నారని ఆమె అభిప్రాయం. కూతురు మెహెటబెల్, ఇంట్లో హెట్టీ, ఎనిమిదేళ్ళకే గ్రీకు క్రొత్త నిబంధన చదివేదని చెప్పుకుంటారు.

1709 ఫిబ్రవరి 9 రాత్రి ఆ ఇల్లు కాలిపోయింది. అయిదేళ్ళ జాన్‌ను మేడగది కిటికీలో నుండి, ఒకరి భుజాలమీద ఒకరు నిలబడి దించారన్న సంగతి మనకు తెలిసినదే. పుస్తకాలన్నీ బూడిదయ్యాయి. అన్నెస్లీ గారి వ్రాతప్రతులూ పోయాయి. ఇల్లు మళ్ళీ కట్టేవరకు పిల్లలను తలా ఒక ఇంట్లో ఉంచవలసి వచ్చింది. తిరిగి వచ్చేసరికి వారి మాట, మర్యాద, ఆదివారపు భక్తి అన్నీ చెడి ఉన్నాయని ఆమె బాధపడింది. బడి మళ్ళీ మొదలుపెట్టి, ఉదయం సాయంత్రం కీర్తనలు పాడే అలవాటు చేర్చింది. సాయంత్రం అయిదింటికి పెద్దపిల్ల అందరికన్నా చిన్నదానిని, రెండోది దాని పై దానిని పక్కకు తీసుకుని, ఆనాటి కీర్తనలూ క్రొత్త నిబంధనలో ఒక అధ్యాయమూ చదివి వినిపించాలి.

పుస్తకాలు కాలిపోయిన ఇంట్లో, చేతికి తగిన పాఠ్యపుస్తకం దొరకనప్పుడు ఆమె తానే రాసింది. అపొస్తలుల విశ్వాస ప్రమాణానికి వివరణను 1710 జనవరిలో కూతురు సుసన్నాకు ఉత్తరంగా రాసింది. పది ఆజ్ఞల మీద మరొకటి. పెద్దకూతురు ఎమిలియాతో తల్లి సంభాషించినట్లు ఇంకొకటి. దేవుడున్నాడని ఎలా తెలుస్తుంది అనే ప్రశ్నను ఆమె పిల్లలకు దాచలేదు. ఆమె స్వయంగా పాస్కల్‌ను, జాన్ లాక్‌ను చదివి నోట్సు రాసుకునే మనిషి. తాను కష్టమైన పుస్తకం చదవని తల్లి పిల్లలకు కష్టమైన పుస్తకం నేర్పగలదా అని మమ్మల్ని అడిగితే, నేర్పలేదనే చెబుతాము. తండ్రి విషయమూ అంతే.

1711-12 చలికాలంలో భర్త లండన్‌లో ఉన్నప్పుడు ఎమిలియాకు తండ్రి గదిలో ఒక పుస్తకం దొరికింది. డేనిష్ రాజు మన దేశానికి పంపిన ఇద్దరు మిషనెరీల వృత్తాంతం అది. 1706లో తరంగంబాడిలో దిగిన జీగెన్‌బాల్గ్, ప్లూట్షౌ వారే. అది చదివించుకుని విన్న సుసన్నాకు కొన్ని రోజులు వేరే మాట నోట రాలేదు. అన్యదేశానికి వెళ్ళలేని నేను నా పిల్లలకు ఇంకా ఏమి చేయగలనని ఆలోచించి, ప్రతి రాత్రి ఒక్కొక్క బిడ్డతో ఏకాంతంగా మాట్లాడే నియమం పెట్టుకుంది. సోమవారం మేరీ, మంగళవారం హెట్టీ, బుధవారం ఆన్, గురువారం జాన్, శుక్రవారం మార్తా, శనివారం చార్లెస్, ఆదివారం ఎమిలియా, సుసన్నా. ఆ ఆదివారం సాయంకాలాల్లోనే ఇంటివారికి ప్రసంగాలు చదివి వినిపిస్తుంటే ఊరివారు చేరి, రెండు వందలకు పైగా వచ్చి, చోటు చాలక కొందరు తిరిగి వెళ్ళేవారు. సహాయ గురువుకు ఇది నచ్చక ఫిర్యాదు రాశాడు. మానుకోమని భర్త రాస్తే, నా బాధ్యత తీరేలా స్పష్టమైన ఆజ్ఞ ఇవ్వండి అన్న అర్థంలో ఆమె జవాబిచ్చింది. ఆజ్ఞ రాలేదు. ఆ తరంగంబాడి మిషనుకే 1719లో వచ్చిన బెంజమిన్ షుల్ట్జ్ తరువాత బైబిలును తెలుగులోకి తర్జుమా చేశాడు. ఆ తర్జుమా అచ్చు కాలేదు గాని, ఎప్‌వర్త్ వంటింటికీ మన భాషకూ మధ్య ఇలా ఒక దారం ఉంది.

పిల్లలు పెద్దయ్యాక కూడా చదువు ఆగలేదు. 1725లో జాన్ ఆక్స్‌ఫర్డ్ నుండి థామస్ ఎ కెంపిస్ గురించి సందేహాలు రాశాడు. దేవుడు మనలను లోకంలో నిత్యం దుఃఖపడటానికే పంపాడా అన్నది అతని బాధ. ఆ విషయంలో ఆ గ్రంథకర్త పొరబడ్డాడని తల్లి నిస్సంకోచంగా రాసింది. గొప్ప భక్తుని పుస్తకమైనా ప్రశ్నిస్తూ చదవాలని కొడుకు నేర్చుకున్నది ఆమె దగ్గరే. ఏడేళ్ళ తర్వాత కూడా, నాకు మీరిచ్చిన ఆ గురువారపు సాయంకాలాన్ని ఉత్తరాల్లోనైనా ఇవ్వండని అతడు అడిగాడు.

ఆ ఇంటి చదువు అందరికీ మేలే చేసిందని రాస్తే అబద్ధమవుతుంది. హెట్టీ అందరిలోకీ తెలివైనది, కవిత్వం రాసేది. అదే 1725లో పెళ్ళి చేసుకుంటానన్న వానిని నమ్మి ఇల్లు విడిచి, మోసపోయి తిరిగి వచ్చింది. తండ్రి క్షమించలేదు. విలియం రైట్ అనే ప్లంబర్‌కు ఇచ్చి పెళ్ళి చేశారు. ఆ కాపురంలో ఆమె మనసుకు తోడు దొరకలేదు, పుట్టిన బిడ్డలు దక్కలేదు. ఆమె పక్షాన మేరీ నిలబడింది, జాన్ తండ్రి సంఘంలోనే ఆ సంగతి తగిలేలా ప్రసంగించాడు. తల్లి మాత్రం ఆ రోజుల్లో కూతురికి దగ్గర కాలేకపోయింది. ఆడపిల్లకు గ్రీకు నేర్పిన ఇంట్లో ఆమె పడిపోయినప్పుడు లేవనెత్తే చేయి కొరవడింది. సుసన్నా జీవితం రాసేవారు చాలామంది ఈ పేజీ తిప్పేస్తారు. మేము తిప్పలేము.

1735లో భర్త చనిపోయాక ఆమె పిల్లల ఇళ్ళలో కాలం గడిపి, చివరికి లండన్‌లో జాన్ నడుపుతున్న ఫౌండరీకి చేరింది. పాత ఫిరంగుల కార్ఖానాను బాగుచేసి ఆరాధన మందిరంగా మార్చిన చోటు అది. 1742 జూలైలో అక్కడే కన్నుమూసింది. తన ప్రాణం పోగానే స్తుతి కీర్తన పాడమని పిల్లలను ముందే కోరింది. వారు మంచం చుట్టూ నిలబడి పాడారు. బన్‌హిల్ ఫీల్డ్స్‌లో సమాధి చేశారు. జాన్ తన దినచర్యలో తల్లి మరణం గురించి రాసిన చోటే 1732 నాటి ఆ ఉత్తరాన్ని కూడా అచ్చు వేశాడు. ఇరవై ఏళ్ళ సొంత జీవితాన్ని ఇందుకు వదులుకునేవారు దొరకరు కాబట్టి తన పద్ధతి ఎవరికీ పనికిరాదేమోనని, ఆ ఉత్తరం రాయడానికే ఆమె మొదట వెనుకాడింది.