గ్రెచెన్ ఫ్రేజరు జీవితచరిత్రము

మనుష్యుని జీవితమున బలము గల కాలమును, తరుణము వచ్చు కాలమును తఱచుగా కలిసి రావు. బలమున్నప్పుడు తరుణము చిక్కదు. తరుణము చిక్కునప్పటికి వయస్సు మీఱిపోవును. అట్టి యెడల కొందఱు కాలమును నిందించుచు కూర్చుందురు. మఱికొందఱు చేతనైన పని చేయుచు వేచియుందురు. ఈ రెండవ తెగకు చెందిన యొక అమెరికా దేశపు వనిత చరిత్రమును మేమీ సంచికయందు మా చదువరులకు తెలుప నుద్దేశించితిమి. ఆమె పేరు గ్రెచెన్ ఫ్రేజరు. 1948వ సంవత్సరపు ఒలింపిక్ క్రీడలలో మంచుకొండలపై జాఱు పందెమున ఆమె స్వర్ణపతకము గెలిచెను.

తెలుగుదేశమున మంచు కురియదు గనుక ముందుగా ఈ క్రీడ యెట్టిదో కొంచెము వివరింపవలసియున్నది. స్కీలనగా పాదరక్షలకు బిగించుకొను పొడవైన సన్నని పలకలు. వాని ముందుకొనలు పైకి వంగియుండును. రెండు చేతులతో రెండు కఱ్ఱలను పట్టుకొని, ఈ పలకలపై నిలిచి, మంచు కప్పిన కొండవాలున జాఱుదురు. వర్షకాలమున చెఱువుగట్టుపై కాలు జాఱిన బాలునికి ఆ వేగమెట్టిదో కొంత తెలియును. అయితే ఇందు జాఱుట తప్పు కాదు. జాఱుచు శరీరమును స్వాధీనమున నుంచుకొనుటయే విద్య. పందెములలో ముఖ్యమైనవి రెండు. డౌన్‌హిల్ అను దానిలో కొండ పైనుండి క్రిందికి మిక్కిలి వేగముగా దిగవలెను. స్లాలమ్ అను దానిలో వాలున జతలుజతలుగా జెండాకఱ్ఱలు నాటియుందురు. ఒక్కొక్క జత ఒక్కొక్క ద్వారము. కుడికిని ఎడమకును మలుపులు తిరుగుచు ప్రతి ద్వారము గుండ వెళ్లవలెను. రెండు పర్యాయములు పరుగిడి, రెండు కాలములను కూడగా ఎవరి మొత్తము తక్కువయో వారే విజేతలు. అందు క్షణములో పదియవ వంతు సైతము లెక్కకు వచ్చును.

గ్రెచెన్ 1919వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన వాషింగ్టన్ రాష్ట్రమునందలి టకోమా నగరమున జన్మించెను. పుట్టింటి పేరు కునిగ్. తండ్రి జర్మనీ దేశమునుండియు, తల్లి నార్వే దేశమునుండియు అమెరికాకు వచ్చి స్థిరపడినవారు. నార్వేలో స్కీలపై నడచుట బండినెక్కినంత సాధారణమైన విషయము. ఆ తల్లికి ఈ విద్యపై ప్రీతి మెండు. టకోమాకు సమీపముననే 14,410 అడుగుల ఎత్తుగల రెయినియర్ పర్వతము కలదు. ఆ పర్వతపు వాలులందు గ్రెచెన్ తన పదునాఱవ యేట స్కీలు తొడిగి నేర్చుకొన నారంభించెను. చిన్ననాటనే మొదలుపెట్టిన యూరపు బాలికలతో పోల్చి చూచిన ఇది ఆలస్యమే. అయినను కొలది సంవత్సరములలోనే ఆమె తన ప్రాంతమున పేరు పొందిన పందెగత్తెలలో నొకతె యయ్యెను.

ఆ కాలమున నార్వే దేశపు మంచుపలక నర్తకి సోన్యా హెనీ చలనచిత్రములలో నటించుచుండెను. చిత్రములోని స్కీ ఘట్టములలో ఆమెకు మాఱుగా కొండ దిగుటకు గ్రెచెన్‌ను నియమించిరి. 1937లోను 1941లోను వెలువడిన రెండు చిత్రములలో గ్రెచెన్ ఈ పని చేసెను. చూచువారు తారను మెచ్చుకొనిరి. దిగిన యువతి యెవరో వారికి తెలియదు. పేరు రాని పనిని సైతము శ్రద్ధతో చేయు స్వభావము ఆమెకు తొలినుండియు కలదని దీనివలన తెలియుచున్నది.

1939లో ఆమె డొనాల్డు ఫ్రేజరును వివాహమాడెను. ఆయనయు స్కీ వీరుడే. 1936 ఒలింపిక్ క్రీడలకు అమెరికా పక్షమున ఎన్నికయైనవాడు. ఐడహో రాష్ట్రమునందు 1936లో స్థాపితమైన సన్ వ్యాలీ అను మంచుక్రీడల పట్టణమున వారు కాపురముండిరి. 1940లో జరుగవలసిన ఒలింపిక్ క్రీడలకు అమెరికా స్త్రీల జట్టులో గ్రెచెన్‌కు స్థానము లభించెను. అప్పటి కామె వయస్సు ఇరువదియొక్క సంవత్సరములు. శరీరబలము నిండుగా నున్న ప్రాయము. కాని 1939 సెప్టెంబరులో యూరపున యుద్ధము రేగెను. 1940 క్రీడలు రద్దయ్యెను. నాలుగేండ్లు గడచి 1944 వచ్చెను. అప్పటికిని యుద్ధము ముగియలేదు. ఆ క్రీడలును రద్దయ్యెను. ఈ నడుమ 1941లో తన దేశపు డౌన్‌హిల్ పందెమును, ఉమ్మడి పందెమును, 1942లో స్లాలమ్ పందెమును ఆమె గెలిచెను. అయినను ప్రపంచపు వీరవనితలతో తలపడు భాగ్యము మాత్రము కలుగలేదు.

ఇచట మా చదువరులు కొంచెము నిలిచి యోచింపవలెనని కోరుచున్నాము. ఎనిమిది సంవత్సరములు! ఒక క్రీడాకారిణి జీవితమున ఎనిమిదేండ్లనగా సర్వస్వము. ఆ కాలమున భర్త నౌకాదళమున చేరి సేవకు వెడలెను. గ్రెచెన్ ఇంట కూర్చుండి విలపింపలేదు. యుద్ధమున కాళ్లును చేతులును పోగొట్టుకొన్న సైనికులు సైన్యపు ఆసుపత్రులలో నుండిరి. వారిలో అనేకులు ఇరువది యేండ్ల యువకులు. ఇక తమ బ్రదుకు ముగిసినదని నిరాశ చెందియుండిరి. గ్రెచెన్ వారియొద్దకు పోయి ఈదుటయు, గుఱ్ఱపుస్వారియు, స్కీలపై జాఱుటయు నేర్పెను. ఒంటికాలి వాడు మంచుకొండ దిగుటయా యని నవ్వువా రుండవచ్చును. కాని దిగిరి. పడిరి, లేచిరి, మరల దిగిరి. తన కాలు పోయినను తన శరీరము తన స్వాధీనముననే యున్నదని యెఱిగినవాడు మరల మనుష్యుల నడుమ తల యెత్తి నడువగలడు. ఆమె యిచ్చిన ఔషధ మిదియే. పతకముకంటె ఈ పని చిన్నదని మేమెంతమాత్రము తలంపము.

యుద్ధము ముగిసినది. 1948లో స్విట్జర్లండు దేశమునందలి సెయింట్ మోరిట్జ్ పట్టణమున ఒలింపిక్ క్రీడలు జరుగునని ప్రకటించిరి. గ్రెచెన్ వయస్సు ఇరువదియెనిమిది. అదే జట్టులో ఆండ్రియా మీడ్ అను పదునైదేండ్ల బాలికయు నుండెను. అంతవరకు ఆల్ప్స్ పర్వతపు పద్ధతి స్కీ పందెములలో అమెరికావారు, పురుషులు గాని స్త్రీలు గాని, ఒక్క ఒలింపిక్ పతకమైనను గెలిచి యెఱుగరు. ఆల్ప్స్ పర్వతములయొడిలో పెరిగిన ఆస్ట్రియా, స్విట్జర్లండు దేశముల వనితలే గెలుతురని యెల్లరు నమ్మియుండిరి. గ్రెచెన్ పేరు యూరపున తెలిసినవారు మిక్కిలి కొద్దిమంది.

డౌన్‌హిల్ పందెమున ఆమెకు పదుమూడవ స్థానము మాత్రమే వచ్చెను. ఆ దినముననే చూచి మఱలిపోయినవారు ఆమెను మఱచిపోయి యుందురు. కాని డౌన్‌హిల్, స్లాలమ్‌లను కలిపి లెక్కించు ఉమ్మడి పందెమున ఆమె రెండవదిగా నిలిచి రజతపతకము నందెను. గెలిచిన ఆస్ట్రియా వనిత ట్రూడ్ బైజరునకును ఆమెకును గల భేదము ఒక్క పాయింటులో సగము కంటెను తక్కువ.

మఱునాడు, ఫిబ్రవరి 5వ తేదీన, స్లాలమ్ పందెము. ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు స్లాలమ్‌కు ప్రత్యేకముగా పతకము నిచ్చుట అదియే మొదటిసారి. గ్రెచెన్ అందఱికంటె ముందుగా దిగవలసివచ్చెను. ముందు దిగువారికి ఇతరులను చూచి త్రోవ తెలిసికొను సదుపాయము లేదు. ఆమె 59.7 సెకండ్లలో దిగెను. ఆస్ట్రియాకు చెందిన ఎరికా మారింగరు 59.8 సెకండ్లలో దిగెను. అనగా సెకండులో పదియవ వంతు మాత్రమే ఆధిక్యము.

రెండవ పరుగునకు మరల ఆమెయే ముందు. ద్వారమున నిలిచి, కఱ్ఱలను మంచులో గ్రుచ్చి, బయలుదేఱుటకు సిద్ధపడెను. సరిగా ఆ క్షణమున కొండపైకిని క్రిందికిని సంబంధము గల టెలిఫోను చెడిపోయెను. కాలము కొలుచుట సాధ్యము గాదు. పదునేడు నిమిషములు ఆమె ఆ చలిలో వేచియుండవలసివచ్చెను. పరీక్షాగదిలో ప్రశ్నపత్రము రాక కూర్చున్న విద్యార్థికి అట్టి నిమిషములెంత దీర్ఘములో తెలియును. చలికి కండరములు బిగిసికొనును. మనస్సున సందేహములు పుట్టును. కాని ఎనిమిది సంవత్సరములు వేచియున్న స్త్రీకి పదునేడు నిమిషములొక లెక్కయా? టెలిఫోను బాగయ్యెను. ఆమె 57.5 సెకండ్లలో దిగెను. స్విట్జర్లండు వనిత ఆంత్వానెట్ మేయరు ఆ పర్యాయము 57.0 సెకండ్లతో ఇంకను వేగముగా దిగినను మొత్తమున అర సెకండు వెనుకబడెను. గ్రెచెన్ మొత్తము 1 నిమిషము 57.2 సెకండ్లు. స్వర్ణపతక మామెది. స్కీ క్రీడలో అమెరికా దేశమునకు వచ్చిన మొదటి ఒలింపిక్ స్వర్ణ మదియే. ఆఱు దినముల పిమ్మట ఆమెకు ఇరువదితొమ్మిది యేండ్లు నిండెను.

కీర్తి వచ్చిన పిదప ఆమె పందెములు విడిచెను గాని క్రీడను విడువలేదు. 1952లో ఓస్లో క్రీడలకు పోయిన అమెరికా స్త్రీల జట్టునకు ఆమె నిర్వాహకురాలుగా నుండెను. నాడు పదునైదేండ్ల బాలికగా తనతో వచ్చిన ఆండ్రియా, అప్పటికి వివాహమై ఆండ్రియా మీడ్ లారెన్సుగా, అచట రెండు స్వర్ణపతకములు గెలిచెను. 1960లో స్కీ క్రీడాకారుల గౌరవమందిరమున గ్రెచెన్ పేరు చేర్చిరి. సన్ వ్యాలీలో ఒక స్కీ మార్గమునకు ఆమె స్వర్ణపతకమును స్మరింపజేయు పేరిడిరి. ఆ ప్రాంతపు బాలికలకు ఆమె పెద్దదిక్కయి, సలహా చెప్పుచు, ధైర్యము నూరిపోయుచు నుండెను. వారిలో పికబో స్ట్రీట్ యొకతె.

1994 జనవరిలో భర్త మరణించెను. ఒక మాసమునకు, ఫిబ్రవరి 17వ తేదీన, గ్రెచెన్ తన డెబ్బదియైదవ యేట కన్నుమూసెను. అప్పుడు నార్వేలో, ఆమె తల్లి పుట్టిన దేశమునందే, ఒలింపిక్ క్రీడలు జరుగుచుండెను. రెండు దినముల తరువాత డౌన్‌హిల్ పందెమున పికబో స్ట్రీట్ రజతపతకము గెలిచెను.

విద్యార్థులారా, మీలో పెక్కుమంది మంచుకొండను చూడకయే పోవచ్చును. కాని వేచియుండుట మీలో ప్రతివారికి వచ్చును. జబ్బుచేతనో, డబ్బు లేమిచేతనో, ఇంటి కష్టములచేతనో చదువు ఒక యేడాది ఆగిపోయినవారు మన తరగతులలోనే కలరు. వారిని తలంచియే మేమీ చరిత్రమును వ్రాసితిమి. ఆగిన కాలమున మీ విద్యను మఱువకుడు. మీకంటె కష్టమున నున్నవాని చేయి పట్టుకొని లేవనెత్తుడు. తరుణము వచ్చునో రాదో మన చేతిలో లేదు. వచ్చిన దినమున సిద్ధముగా నుండుట మాత్రము మన చేతిలోనే కలదు.