గాల్లో మూడు షోలు.. నోరు విప్పనందుకు జైలు! డిటెక్టివ్ శామ్ స్పేడ్‌ సృష్టికర్త హామెట్ కథ ఇదీ..

1946 సంగతి. అమెరికా ఇళ్లలో టీవీ ఇంకా కుదురుకోలేదు. రాత్రి భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ చేరేది రేడియో చుట్టూనే. ఒక స్టేషన్‌లో శామ్ స్పేడ్, ఇంకో స్టేషన్‌లో ఫ్యాట్ మ్యాన్, మరోచోట థిన్ మ్యాన్ దంపతులు. అందరూ నేరాల చిక్కుముళ్లు విప్పేవాళ్లే. ఆ మూడు షోల వెనకా ఉన్న పేరు మాత్రం ఒక్కటే.. డాషియెల్ హామెట్.

అయిదేళ్లు తిరిగేసరికి ఆ మూడు షోలూ గాల్లో లేవు. ఆ పేరున్న మనిషి జైల్లో మరుగుదొడ్లు కడుగుతున్నాడు. చేసిన నేరం ఏంటంటే.. కోర్టు అడిగిన పేర్లు చెప్పకపోవడం!

హామెట్ 1894 మే 27న మేరీల్యాండ్ రాష్ట్రంలో పుట్టాడు. పూర్తి పేరు శామ్యూల్ డాషియెల్ హామెట్. తర్వాత తన హీరోకి పెట్టిన శామ్ అనే పేరు నిజానికి సొంత పేరే. ఇంట్లో డబ్బుల్లేక చిన్నప్పుడే బడి మానేశాడు. దొరికిన పనల్లా చేసి 1915లో పింకర్టన్ అనే ప్రైవేట్ డిటెక్టివ్ ఏజెన్సీలో చేరాడు. మనుషుల వెంట నీడలా తిరగడం, గంటలకొద్దీ వీధి మూల నిలబడటం, చూసింది చూసినట్టు రిపోర్ట్ రాసి పంపడం.. ఇదే ఉద్యోగం. డిటెక్టివ్ కథలు రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ పని చేసి జీతం తీసుకున్నవాళ్లు మాత్రం అరుదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరాడు. దేశం దాటకుండానే ఇన్‌ఫ్లుయెంజా, ఆ వెంటే క్షయ పట్టుకున్నాయి. ఆస్పత్రిలో పరిచయమైన నర్సు జోసెఫిన్‌ను 1921లో పెళ్లి చేసుకుని శాన్‌ఫ్రాన్సిస్కోలో కాపురం పెట్టాడు. తిరిగే ఉద్యోగానికి ఊపిరితిత్తులు సహకరించలేదు. అప్పుడు మొదలైంది రాత. బ్లాక్ మాస్క్ అనే చవక పత్రికలో కథకు ఇంత అని డబ్బులిచ్చేవారు. పోస్ట్ స్ట్రీట్‌లోని చిన్న గదిలో కూర్చుని 1930లో వచ్చిన మాల్టీస్ ఫాల్కన్ నవల రాశాడు. శామ్ స్పేడ్ పుట్టింది అక్కడే. 1934లో థిన్ మ్యాన్ వచ్చింది. అదే ఆఖరి నవల. ఆ తర్వాత ఇంకో 27 ఏళ్లు బతికినా మరో నవల పూర్తి చేయలేకపోయాడు. తాగుడు ఒక కారణం అంటారు. హాలీవుడ్ డబ్బు ఇంకో కారణం అంటారు. ఏదైనా రాసే చెయ్యి ఆగిపోయింది. పేరు మాత్రం ఆగలేదు.

1942లో 48 ఏళ్ల వయసులో, మచ్చలు పడ్డ ఊపిరితిత్తులతో, మళ్లీ సైన్యంలో చేరాడు. అలాస్కా వైపు గడ్డకట్టే అడాక్ దీవిలో సైనికుల కోసం అడాకియన్ అనే పేపర్ నడిపాడు. యుద్ధం అయిపోయి తిరిగొచ్చేసరికి రేడియో కంపెనీలు ఎదురుచూస్తున్నాయి. థిన్ మ్యాన్ షో అప్పటికే 1941 నుంచి నడుస్తోంది. 1946 జనవరిలో ఏబీసీలో ఫ్యాట్ మ్యాన్ మొదలైంది. అదే ఏడాది జులైలో శామ్ స్పేడ్.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఈ షోలకి హామెట్ రాసింది దాదాపు ఏమీ లేదు. ఆయన ఇచ్చింది పేరు, పాత్రలు. తీసుకున్నది చెక్కులు. రాసింది వేరే రచయితలు. అలాగని షోలు నాసిగా ఉన్నాయనుకుంటే పొరపాటే. నిర్మాత విలియం స్పియర్ చేతిలో స్పేడ్ షో అదిరిపోయింది. ప్రతి అరగంట ఎపిసోడ్‌లో స్పేడ్ తన సెక్రటరీ ఎఫీకి కేసు రిపోర్ట్ డిక్టేట్ చేస్తాడు. తేదీ, లైసెన్స్ నంబర్ 137596, ఆ తర్వాత కథ. హోవర్డ్ డఫ్ గొంతులో వెటకారం, ఎఫీగా లురీన్ టటిల్ కంగారు.. జనం దానికే పడిపోయారు. 1947లో మిస్టరీ రచయితల సంఘం రేడియో విభాగంలో ఎడ్గర్ అవార్డు ఇచ్చింది. ఫ్యాట్ మ్యాన్ అయితే మందుల షాపులో బరువు తూచుకోవడంతో మొదలయ్యేది. ఆ పాత్రకు గొంతిచ్చిన జె.స్కాట్ స్మార్ట్ కూడా నిజంగానే భారీ మనిషి.

మరి శామ్ స్పేడ్ ఎవరి సొత్తు? సినిమా హక్కులు కొన్న వార్నర్ బ్రదర్స్ పాత్ర కూడా తమదేనంటూ కోర్టుకెక్కింది. 1930లో 8,500 డాలర్లకి నవల హక్కులు అమ్మినప్పుడు పాత్రని అమ్మలేదని 1954లో అప్పీల్ కోర్టు తేల్చింది. రచయితలకి ఈ తీర్పు ఇప్పటికీ ఆసరా. కానీ అది వచ్చేనాటికి గెలిచిన పాత్రతో రేడియోలో చేయడానికి ఏమీ మిగల్లేదు. ఎందుకంటే..

హామెట్ 1930ల నుంచి కమ్యూనిస్టుల వైపు ఉన్నాడు. యుద్ధం తర్వాత సివిల్ రైట్స్ కాంగ్రెస్ అనే సంస్థలో ముందువరసలో నిలిచాడు. అరెస్టయినవాళ్లకి బెయిల్ కట్టే నిధికి ట్రస్టీ కూడా. అమెరికాలో కమ్యూనిస్టు అన్న మాటే బూతైపోయిన రోజులవి. 1940ల చివర్లోనే స్పేడ్ షో నుంచి హామెట్ పేరు తీసేశారు. సృష్టించినవాడి పేరు లేకుండా అదే పాత్ర, అదే లైసెన్స్ నంబర్! 1950 జూన్‌లో రెడ్ ఛానల్స్ అనే పుస్తకం వచ్చింది. రేడియో, టీవీ వాళ్లలో 151 మందిని కమ్యూనిస్టు సానుభూతిపరులుగా అందులో ఏకరువు పెట్టారు. హోవర్డ్ డఫ్ పేరూ ఉంది. తలనూనె అమ్ముకునే స్పాన్సర్ వైల్డ్‌రూట్ స్పేడ్‌ను వదిలేసింది. అదే ఏడాది తమ బ్రాండ్ పేరు కలిసొచ్చేలా చార్లీ వైల్డ్ అనే కొత్త డిటెక్టివ్‌ను దించింది. శ్రోతల నుంచి ఉత్తరాలు వెల్లువెత్తడంతో ఎన్‌బీసీ స్పేడ్‌ను తిరిగి తెచ్చింది. డఫ్‌ను మాత్రం పిలవలేదు. కొత్త గొంతుతో 1951 దాకా లాగి ఆపేసింది.

1951 జులైలో అసలు దెబ్బ పడింది. ఆ నిధి బెయిల్ కట్టిన కమ్యూనిస్టు నేతల్లో నలుగురు పరారయ్యారు. నిధికి డబ్బులిచ్చింది ఎవరో చెప్పాలని న్యూయార్క్‌లో ఫెడరల్ జడ్జి అడిగారు. హామెట్ చెప్పలేదు. కోర్టు ధిక్కారం కింద ఆరు నెలల శిక్ష పడింది. ఆయన సహచరి, నాటక రచయిత్రి లిలియన్ హెల్‌మన్ తర్వాత రాసిన దాని ప్రకారం హామెట్‌కి ఆ పేర్లు అసలు ఒక్కటి కూడా తెలియదు. ఆ ముక్క కోర్టులో చెబితే పోయేది. అది కూడా చెప్పలేదు. అడిగే హక్కు వాళ్లకి లేదన్నదే ఆయన పట్టు. ఇది పట్టుదలా, మొండితనమా అన్న వాదన ఆయన స్నేహితుల మధ్యే నడిచింది. దాదాపు అయిదు నెలలు లోపల గడిచాయి. చివరి మజిలీ కెంటకీ రాష్ట్రంలోని యాష్‌లాండ్ జైలు.

బయటికొచ్చేసరికి ఫ్యాట్ మ్యాన్ కూడా ఆగిపోయింది. చెక్కులు రావడం లేదు. ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు బకాయిల కింద ఆదాయం మీద చెయ్యేశారు. 1957లో కోర్టు తేల్చిన బాకీ లక్ష డాలర్ల పైమాటే. 1953లో సెనేటర్ మెకార్తీ కమిటీ పిలిచి ప్రశ్నించింది. విదేశాల్లోని అమెరికా ప్రభుత్వ లైబ్రరీల నుంచి ఆయన పుస్తకాలు తీసేశారు. తానైతే అలా చేసేవాడిని కానని ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ అనడంతో మళ్లీ పెట్టారు.

ఆఖరి ఏళ్లు పక్కవాళ్ల ఇళ్లలోనే గడిచాయి. ముందు కటోనా అనే ఊళ్లో ఒక స్నేహితుడిచ్చిన చిన్న ఇల్లు, ఆ తర్వాత హెల్‌మన్ దగ్గర. 1961 జనవరి 10న న్యూయార్క్ ఆస్పత్రిలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశాడు. వయసు 66. రెండు యుద్ధాల్లో సైన్యంలో ఉన్నందుకు ఆయనను ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో ఖననం చేశారు. జైల్లో పెట్టిన ప్రభుత్వమే ఆ చోటూ ఇచ్చింది.