బిల్లు చట్టం కాకముందే: దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం మనకు నేర్పేది

పార్లమెంటు సమావేశాలు మొదలైన ప్రతిసారీ కొన్ని బిల్లుల పేర్లు వార్తల్లో వినబడతాయి. వాటిలో చాలావాటిని మనం విని వదిలేస్తాము. ఢిల్లీలో ఎవరో రాస్తారు, ఎవరో చదువుతారు, చివరికి ఏదో ఒకటి వస్తుందిలే అనుకుంటాము. అది వచ్చాక మాత్రం, మనల్ని ఎవరూ అడగలేదని బాధపడతాము.

జగిత్యాల జిల్లా సారంగాపూర్ మండలంలోనూ, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లోనూ మన సంఘాలలో బీడీలు చుట్టే అక్కలున్నారు, సాంచాల మీద పనిచేసే అన్నలున్నారు, భర్తలు గల్ఫ్‌కు వెళితే ఇంటి బరువంతా మోస్తున్న చెల్లెళ్లున్నారు. బీడీ కార్మికుల కోసం ప్రత్యేకంగా 1966లో వచ్చిన చట్టాన్ని 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లో కలిపేశారు. ఆ బిల్లు సభ ముందు ఉన్న రోజుల్లో, రోజూ చాట ఒళ్లో పెట్టుకుని కూర్చునే అక్కలలో ఎంతమందికి ఆ సంగతి తెలుసు? వారికి చెప్పవలసిన మనలో ఎంతమందికి తెలుసు? కోడ్ మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. తెలియకపోవడం మాత్రం మంచిది కాదు.

ఈ వారం మేము ఒక తెలుగు స్త్రీ జీవితాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఆమె మన సంఘానికి చెందినది కాదు, మన విశ్వాసంలో పుట్టినది కాదు. అయినా, చట్టం ఇంకా బిల్లుగా ఉన్నప్పుడే నోరు తెరవాలన్న పాఠాన్ని ఆమె దగ్గర నేర్చుకోవడానికి మనకు ఏ అడ్డూ ఉండకూడదని మేము అనుకుంటున్నాము.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఆ రోజుల్లో అది వింత కాదు. వింత ఏమిటంటే, వయసు వచ్చాక ఆ అమ్మాయి ఆ పెళ్లిని కాదని చెప్పగలగడం, ఇంట్లోవారు ఆమె పక్షాన నిలబడడం. చిన్ననాటనే బడిలో ఇంగ్లీషు చదువు వద్దని బయటికి వచ్చి, ఆడపిల్లలకు హిందీ నేర్పే పాఠశాల నడిపింది. 1921లో గాంధీజీ కాకినాడకు వచ్చినప్పుడు ఆమెకు పన్నెండేళ్లు కూడా నిండలేదు. దేవదాసీ స్త్రీలూ, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలూ ఆయన మాట వినేలా సభ ఏర్పాటు చేయాలని పట్టుబట్టి సాధించింది. ఊరి సభలకు పిలవని వారిని పిలవాలన్న ఆలోచన ఆ వయసులోనే ఆమెకు కలిగింది.

1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. ఖాదీ ప్రదర్శనశాల ద్వారం దగ్గర ఆమె కార్యకర్తగా నిలబడింది. టికెట్ లేకుండా ఎవరినీ లోపలికి పంపవద్దని ఆమెకు చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ వస్తే ఆయన్నూ ఆపింది. టికెట్ తెచ్చాకనే లోపలికి వదిలింది. ఈ సంఘటనను అందరూ ముచ్చటగా చెప్పుకుంటారు. మాకు మాత్రం ఇందులో ఆమె తర్వాతి జీవితం అంతా కనిపిస్తుంది. నియమం ఒకటి ఉంటే అది పెద్దవారికీ చిన్నవారికీ ఒకటే. ఆ నియమాన్ని అమలు చేయడానికి అధికారమే ఉండనక్కర లేదు, ద్వారం దగ్గర నిలబడే ధైర్యం ఉంటే చాలు.

ఉప్పు సత్యాగ్రహం నాటి నుండి 1933 లోపు ఆమె మూడుసార్లు జైలుకు వెళ్లింది. మధురై జైలులో ఆమె చూసిన స్త్రీలు ఆమె దారి మార్చారు. వారిలో చాలామంది పెద్ద నేరాల కింద శిక్ష పడ్డవారు. చదువు లేదు, కోర్టులో ఏం జరుగుతున్నదో తెలియదు, తమ తరఫున ఏం చెప్పుకోవాలో తెలియదు. చట్టం వారిని శిక్షించగలిగింది కాని, ఆ చట్టమేమిటో వారికి చెప్పినవారు లేరు. బయటికి వచ్చాక దుర్గాబాయి మళ్లీ పుస్తకం పట్టింది. బడి మానేసిన పిల్ల పెద్దయ్యాక మెట్రిక్యులేషన్ నుండి మొదలుపెట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకుంది. 1942లో మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తి చేసి న్యాయవాది అయింది. ఈ మధ్యలోనే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించింది. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను తక్కువ కాలంలో పరీక్షలకు సిద్ధం చేయడం ఆ సంస్థ చేసిన పనుల్లో ముఖ్యమైనది. తాను నడిచి వచ్చిన దారిలో మరికొందరిని నడిపించింది.

1946లో ఆమె మద్రాసు నుండి రాజ్యాంగ సభకు ఎన్నికైంది. సభాధ్యక్షుడు లేనప్పుడు సభ నడిపే వారి జాబితాలో కూడా ఆమె పేరు ఉండేది. ఇక్కడ మన ప్రాంతం వారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ రోజుల్లో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అన్నీ నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానంలో ఉండేవి. రాజ్యాంగ సభలో హైదరాబాదుకు కేటాయించిన స్థానాలు ఖాళీగానే మిగిలాయి. అంటే, మన తాతలు ఏ రాజ్యాంగం కింద ఓటు వేశారో, ఆ రాజ్యాంగాన్ని రాసిన సభలో మన పక్షాన కూర్చున్నవారు లేరు. అక్కడ లేనివారి గురించి కూడా ఆలోచించిన కొద్దిమంది సభ్యుల వల్లనే మనకు మేలు జరిగింది.

ఆ సభలో ఆమె పని చాలావరకు ముసాయిదాలోని మాటల మీద జరిగింది. రాజ్యసభ సభ్యుడు కావడానికి కనీసం 35 ఏళ్లు ఉండాలని ముసాయిదాలో ప్రతిపాదించారు. దాన్ని 30కి తగ్గించాలని ఆమె సవరణ తెచ్చింది, సభ ఒప్పుకుంది. ఈనాటికీ 84వ అధికరణంలో ఆ 30 అనే అంకె ఉంది. మత స్వేచ్ఛ గురించిన అధికరణం, అంటే మనం తరచుగా చెప్పుకునే 25వ అధికరణం చర్చకు వచ్చినప్పుడు, హిందూ దేవాలయాల ద్వారాలు ఏదో ఒక వర్గానికి కాక, అన్ని తరగతులకూ వర్గాలకూ తెరవాలని స్పష్టంగా ఉండేలా మాట మార్చాలని ఆమె కోరింది. చదివేవారికి అది చిన్న మార్పు. గుడి బయట నిలబడ్డవారికి అది చిన్నది కాదు. బిల్లులో ఒక మాట ఎంత బరువు మోస్తుందో ఇంతకంటె చెప్పనక్కర లేదు.

తర్వాత హిందూ కోడ్ బిల్లు వచ్చింది. బి.ఎన్. రావు కమిటీ 1941 నుండి చేసిన శ్రమకు డాక్టర్ అంబేద్కర్ న్యాయశాఖ మంత్రిగా రూపమిచ్చి సభ ముందుకు తెచ్చారు. ఒక పురుషునికి ఒకే భార్య, స్త్రీకి విడాకుల హక్కు, తండ్రి ఆస్తిలో కూతురికి వాటా, కులాంతర వివాహానికి గుర్తింపు, ఇవన్నీ అందులో ఉన్నాయి. వ్యతిరేకత సభ లోపల నుండీ బయట నుండీ వచ్చింది. చర్చ ఏళ్ల తరబడి సాగింది. ఆ బిల్లును గట్టిగా సమర్థించిన కొద్దిమంది స్త్రీలలో దుర్గాబాయి ఒకరు. 1951లో బిల్లు ముందుకు కదలకపోవడంతో అంబేద్కర్ మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆ తర్వాత జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లో దుర్గాబాయి రాజమండ్రి నుండి పోటీ చేసి ఓడిపోయింది.

మనలో చాలామంది అక్కడితో ఇంటికి వెళ్లిపోతాము. ఆమె వెళ్లలేదు. ప్రణాళికా సంఘంలో పనిచేసింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షురాలైంది. అదే సంవత్సరం, అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్‌ను వివాహం చేసుకుంది. పల్లెల్లో బాలవాడీలు, మహిళా సంఘాలు, స్త్రీల చదువు, ప్రసూతి సేవలు, ఇవన్నీ స్వచ్ఛంద సంస్థల ద్వారా సాగేలా ఆ బోర్డు సాయం చేసింది. 1958లో స్త్రీ విద్య మీద వేసిన జాతీయ కమిటీకి కూడా ఆమె అధ్యక్షత వహించింది.

ఈలోగా ఆగిపోయిన హిందూ కోడ్ బిల్లు నాలుగు ముక్కలై మళ్లీ వచ్చింది. 1955లో వివాహ చట్టం, 1956లో వారసత్వం, మైనర్ల సంరక్షణ, దత్తత, మనోవర్తి చట్టాలు వచ్చాయి. అవి ఆమోదం పొందిన రోజున దుర్గాబాయి లోక్‌సభలో లేదు. అంబేద్కర్ మంత్రివర్గంలో లేరు. మొదట దున్నినవారు కోతకాలంలో పొలంలో లేకపోయినా పంట పంటే కదా. 1956 చట్టం కూడా కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుక హక్కు ఇవ్వలేదు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ లోటును 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించేలా సవరించారు. దేశమంతటికీ అది 2005లో గాని రాలేదు.

కుటుంబ తగాదాలకు ప్రత్యేక న్యాయస్థానాలు కావాలన్నది ఆమె మరో పట్టుదల. 1953లో చైనా వెళ్లి అక్కడి పద్ధతి చూసి వచ్చాక, న్యాయమూర్తులతోనూ నెహ్రూతోనూ ఆ విషయం చర్చించింది. భార్యాభర్తల తగాదాను ఆస్తి తగాదా లాగా, దొంగతనం కేసు లాగా నడపకూడదని ఆమె ఉద్దేశం. 1974లో లా కమిషన్ అదే దిశలో సిఫారసు చేసింది. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. దుర్గాబాయి అప్పటికి మూడేళ్ల ముందే, 1981 మే 9న కన్నుమూసింది. ఆ చట్టం ఏ ఒక్క మతానికో పరిమితం కాదు. ముందు రాజీకి ప్రయత్నించడం న్యాయస్థానం బాధ్యత అని అందులో ఉంది. కౌన్సిలర్ల సాయం తీసుకునే వీలుంది. మన సంఘంలో విరిగిన ఇళ్లు ఆ గడప తొక్కినప్పుడు, ఎన్నడూ చూడని ఒక స్త్రీ పడిన ప్రయాస వారికి ఉపయోగపడుతున్నది.

ఇప్పుడు మన ఇంటి సంగతి కూడా చెప్పాలి. హిందూ స్త్రీకి 1955లో దొరికిన విడాకుల హక్కు సంగతి విని, అది మనకు సంబంధం లేనిదనుకున్నాము. క్రైస్తవులకు వర్తించే విడాకుల చట్టం 1869 నాటిది. దాని ప్రకారం భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే చాలు. భార్య మాత్రం వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, విడిచిపెట్టడమో, అలాంటి మరొకటి కూడా రుజువు చేయాలి. ఈ తేడా తొలగింది 2001లో. అంటే 132 ఏళ్లు. ఆ కాలమంతా ఎందరు స్త్రీలు దెబ్బలు తింటూ మన బల్లల మీద మౌనంగా కూర్చుని ఆరాధించారో దేవునికే తెలుసు. వివాహ బంధం పవిత్రమని బోధించడం మన విధి. ఆ పవిత్రతను కాపాడే భారమంతా స్త్రీ మెడ మీదనే పెట్టే చట్టాన్ని చూస్తూ ఊరుకోవడం మన విధి కాదు.

బైబిలులో సెలోపెహాదు కుమార్తెల సంగతి మన పాఠకులకు తెలుసు. కొడుకులు లేని తండ్రి చనిపోతే అతని వాటా పోవలసిందేనా అని ఆ అయిదుగురు అక్కచెల్లెళ్లు మోషే ఎదుట, యాజకుని ఎదుట, సమాజమంతటి ఎదుట నిలబడి అడిగారు. దేశం ఇంకా పంచలేదు, వారు యొర్దాను కూడా దాటలేదు. పంపకం అయిపోయాక ఏడవలేదు, ముందే వచ్చి అడిగారు. మోషే వారిని కసరలేదు, వారి మాటను దేవుని సన్నిధికి తీసుకువెళ్లాడు. వారి పక్షాన తీర్పు వచ్చింది, అది తర్వాతి తరాలకు కట్టడ అయింది.

బిల్లుకూ చట్టానికీ మధ్య అలాంటి కాలమే ఒకటి ఉంటుంది. బిల్లు సభలో ప్రవేశపెట్టాక కొన్నిసార్లు స్థాయీ సంఘానికో, సంయుక్త సంఘానికో వెళుతుంది. ఆ సంఘాలు చాలాసార్లు ప్రజల అభిప్రాయాలు పంపమని ప్రకటన ఇస్తాయి. తర్వాత ఒక్కొక్క నిబంధన మీద చర్చ, ఓటు, రెండో సభ, చివరకు రాష్ట్రపతి సంతకం. సంతకం అయ్యాక మాట్లాడాలంటే కోర్టుకే వెళ్లాలి. అంతకుముందు మాట్లాడాలంటే ఒక ఉత్తరం చాలు. సారంగాపూర్, జగిత్యాల, కోరుట్ల వారు నిజామాబాద్ లోక్‌సభ సభ్యునికి, సిరిసిల్ల వారు కరీంనగర్ లోక్‌సభ సభ్యునికి రాయవచ్చు. ఏ పార్టీ వారైనా సరే, ఆ ఉత్తరం అందుకోవడం వారి పని.

కాబట్టి మా మనవి ఇది. బిల్లు పేరు వినగానే వాట్సాప్‌లో వచ్చిన భయాన్ని పదిమందికి పంపే ముందు, ఆ బిల్లులో ఏముందో ఒక్కరైనా చదవండి. లా చదివిన యువకులు మన సంఘాల్లో ఉన్నారు, వారిని స్త్రీల కూడికకు పిలిచి తెలుగులో చెప్పించండి. మనకు సంబంధించినది ఉంటే రాయండి. పొరుగువారికి మేలో కీడో చేసేది ఉంటే, మనకు సంబంధం లేకపోయినా రాయండి. దుర్గాబాయి వాదించిన చాలా మాటలు ఆమె సొంతానికి పనికివచ్చేవి కావు. మధురై జైలులో ఆమె చూసిన స్త్రీలు ఏ సభలోనూ కూర్చోలేదు. వారి కోసం ఒకరు చదువుకుని వెళ్లి కూర్చున్నారు. మన పల్లెల్లో మౌనంగా ఉన్నవారి కోసం ఈ తరంలో ఎవరు వెళతారో ప్రార్థనతో ఆలోచించమని, ఆ పిలుపు వినబడిన అమ్మాయిని వెనక్కి లాగవద్దని సంఘ పెద్దలను కోరుతున్నాము.