పరపతి సంఘాలకు ప్రాణం పోసిన రైఫైజెన్

విత్తనాలకో, పంట రుణానికో సొసైటీ మెట్లెక్కే రైతుల్లో ఫ్రీడ్రిక్ విల్‌హెల్మ్ రైఫైజెన్ పేరు విన్నవారు అరుదు. రుణం పొందేవారే సంఘానికి యజమానులు కావాలన్న సూత్రాన్ని పల్లెసీమల్లో ఆచరించి చూపిన జర్మనీ దేశస్థుడాయన.

రైఫైజెన్ 1818 మార్చి 30న సీగ్ నదీతీరంలోని హామ్‌లో జన్మించారు. సైన్యంలో చేరినా కంటి జబ్బు వల్ల 1843లో ఆ కొలువును వీడారు. 1845లో వైయర్‌బుష్ పరిసర గ్రామాలకు మేయరుగా నియమితులయ్యారు.

1846-47 శీతాకాలంలో ఆ ప్రాంతాన్ని కరవు కబళించింది. కలిగినవారి నుంచి నిధులు సేకరించి, ధాన్యం తెప్పించి, ఊరుమ్మడి పొయ్యిలో రొట్టెలు కాల్పించి పేదలకు చౌకగా, అరువుపై అందజేశారు. 1849లో ఫ్లామర్స్‌ఫెల్డ్‌లో మరో సంఘం నెలకొల్పారు. వడ్డీ వ్యాపారుల చేత చిక్కిన రైతులకు పశువులను వాయిదాల పద్ధతిపై ఇప్పించారు. 1854లో హెడ్డెస్‌డార్ఫ్‌లో స్థాపించిన సంఘమూ దాతల ఔదార్యంపైనే నడిచింది.

కాలక్రమేణా దాతల ఉత్సాహం సన్నగిల్లింది. దానంపై నిలిచిన సంఘం దాత మనసు మారితే కూలుతుందని రైఫైజెన్ అనుభవంతో గ్రహించారు. 1864లో హెడ్డెస్‌డార్ఫ్‌లో రుణ సహకార సంఘాన్ని ఏర్పరచారు. అప్పు కావలసినవారు ముందు సభ్యులుగా చేరవలసిందే.

రైఫైజెన్ పద్ధతిలో ఆస్తి ఎంత ఉన్నా సభ్యునికి ఒక్కటే ఓటు. పాలకవర్గానికి జీతం లేదు. మిగులును పంచుకోక నిల్వనిధికి చేరుస్తారు. సంఘం చేసిన అప్పులకు సభ్యులందరూ తమ యావదాస్తితో పూచీ పడాలి. ఒకరు ఎగవేస్తే పొరుగువాని పొలానికే ముప్పు. అందుకే సంఘం పరిధిని అందరూ ఒకరినొకరు ఎరిగిన కొద్దిపాటి పల్లెలకే పరిమితం చేశారు. అప్పు దేనికో విచారించి ఇచ్చేవారు.

1863లో భార్య మరణించగా, 1865లో అనారోగ్యం కారణంగా ఆయన పదవి వీడారు. చూపు మందగించినా పెద్ద కుమార్తె అమాలీ సాయంతో 1866లో రుణ సంఘాలపై గ్రంథం వెలువరించారు. 1888 మార్చి 11న కన్నుమూశారు.

రైతుల రుణబాధకు మార్గం వెదకుతూ మద్రాసు ప్రభుత్వం 1892లో ఫ్రెడరిక్ నికల్సన్‌ను నియమించింది. 1895, 1897 సంవత్సరాల్లో సమర్పించిన నివేదికల్లో ఆయన రైఫైజెన్ మార్గాన్నే సూచించారు. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. గ్రామీణ సంఘాలకు అపరిమిత పూచీని ఆ చట్టమూ స్వీకరించింది. నాడు మద్రాసు రాష్ట్రంలో భాగమైన కోస్తా, రాయలసీమ పల్లెలకు పరపతి సంఘాలు ఆ చట్టం కిందనే వచ్చాయి.

సంఘం సొమ్ము పరాయి సొమ్ము కాదని, బాకీ పడితే అది పక్కింటివాని నెత్తిన పడుతుందని సభ్యులు ఎరిగి ఉండడమే రైఫైజెన్ సంఘాలకు అసలైన హామీగా నిలిచింది.