చంద్రపట నిర్మాత హెవీలియస్

1647లో వెలువడిన ‘సెలినోగ్రాఫియా’ అనే లాటిన్ గ్రంథపు ముఖచిత్రంలో ఇద్దరు మహనీయులు నిలబడి కనిపిస్తారు. ఒకరు దూరదర్శిని చేతబట్టిన గెలీలియో. రెండవవారు అంతకు ఆరు శతాబ్దాల పూర్వం వెలుగు స్వభావాన్ని శోధించిన ఇబ్న్ అల్ హైసమ్. ప్రత్యక్షానికి గెలీలియోను, తర్కానికి ఆ అరబ్బు పండితుణ్ణి ప్రతీకలుగా నిలిపినవాడు యొహాన్నెస్ హెవీలియస్.

ఆయన 1611 జనవరి 28న బాల్టిక్ తీరాన డాంట్సిగ్ నగరంలో జన్మించాడు. నేడది పోలండ్‌లోని గ్డాన్స్క్. బీరు తయారీ వారి కుటుంబ వృత్తి. లైడెన్‌లో న్యాయశాస్త్రం చదివిన హెవీలియస్ ఆ వ్యాపారంలోనే స్థిరపడవలసినవాడు. కాని గణితం నేర్పిన గురువు పీటర్ క్రూగర్ 1639లో మరణశయ్యపై నుండి, ఖగోళశాస్త్రాన్ని విడువవద్దని శిష్యుని కోరాడు. అధ్యాపక వృత్తిలో ఉన్న మావంటివారికి ఈ ఘట్టం తరచు గుర్తుకు వస్తుంది.

వ్యాపారం సాగిస్తూనే ఆయన తన ఇళ్ళ కప్పులపై వేధశాల నిర్మించుకున్నాడు. సుమారు ఐదేళ్ళు చంద్రుని పరిశీలించి, చూచినదానిని తానే గీసి, తానే రాగి రేకులపై చెక్కాడు. పని సులభమైనది కాదు. చంద్రుడు ఎల్లప్పుడూ ఒకే ముఖం చూపుతున్నట్లున్నా, నిజానికి కొద్దిగా ఊగుతుంటాడు. అంచున ఉన్న ప్రదేశాలు ఒకప్పుడు కనబడి, ఒకప్పుడు మరుగవుతాయి. దీనిని సూచించడానికి ఆయన పటంపై ఒకదానినుండి ఒకటి కొంచెం జరిగిన రెండు వృత్తాలు గీశాడు. ఇక పున్నమినాడు నీడలుండవు. నీడ లేనిదే కొండ కొండగా కనబడదు. అందుచేత వేర్వేరు రాత్రుల పరిశీలనలను కూర్చి, పర్వతాలన్నిటిపై ఒకే వైపునుండి వెలుగు పడుతున్నట్లు ఒక పటం రచించాడు. అట్టి చంద్రుడు ఆకాశంలో ఏనాడూ కనబడడు! నేడు వ్యోమయానాన్ని కంప్యూటర్ తెరపై అభ్యసించడానికి సిద్ధంచేసే చంద్రపటాలకు ఉపగ్రహాలు కొలిచిన ఎత్తులు ఆధారం. 2008లో శ్రీహరికోటనుండి వెళ్ళిన చంద్రయాన్-1 సైతం అట్టి కొలతలు పంపింది. ఆ ఎత్తులపై వెలుగు ఏ దిక్కునుండి పడాలో నిర్ణయించి, నీడలను గణించి వేస్తారు.

చంద్రునిపై ప్రదేశాలకు మొదట పండితుల పేర్లు పెట్టాలని ఆయన తలచాడు. పేరు దక్కనివారు అసూయపడతారని జంకి, భూమిపై ఉన్న పర్వతాల, సముద్రాల పేర్లు పెట్టాడు. 1651లో రిచ్చోలీ ఆ జంకు లేక పండితుల పేర్లే పెట్టాడు. అల్ బత్తానీ పేరు కూడా అందులో చేరింది. లోకం రిచ్చోలీ పద్ధతినే స్వీకరించింది. హెవీలియస్ పెట్టినవాటిలో ఆల్ప్స్, అపెనైన్స్ వంటి కొన్ని మాత్రం మిగిలాయి. ఆయన జంకు న్యాయమైనదని నేననుకోను.

1679 సెప్టెంబరు 26న, ఆయన ఇంట లేని సమయంలో, వేధశాల అగ్నికి ఆహుతి అయింది. పరికరాలు, గ్రంథాలు చాలావరకు నశించాయి. అప్పటికాయన వయస్సు అరవై ఎనిమిది. అయినా వేధశాలను తిరిగి కట్టించి, మళ్ళీ నక్షత్రాలను కొలవసాగాడు. 1687లో సరిగా తన పుట్టినరోజునాడే కన్నుమూశాడు.

మంటలనుండి దక్కిన నక్షత్ర పట్టికను, పరిశీలనలలో ఆయనకు తోడుగా నిలిచిన భార్య ఎలిజబెత్ 1690లో ప్రచురించింది. సమర్ఖండ్ పాలకుడు ఉలుగ్ బేగ్ గణనలు కూడా అందులో చోటు చేసుకున్నాయి. చంద్రపటం చెక్కిన రాగి రేకును మాత్రం తరువాత ఎవరో టీ పళ్ళెంగా మార్చుకున్నారని చెబుతారు.