నాన్‌జింగ్ వదలని రాయబారి

ప్రభుత్వం కూలిపోయిన రాజధానిలో సైనికుడి పరిస్థితి కష్టమైనా అందులో అయోమయం తక్కువ. పోరాడమనో, వెనక్కి రమ్మనో, ఆయుధాలు దించమనో పైనుంచి ఏదో ఒక ఆదేశం వస్తుంది. అదే నగరంలో ఉన్న పరాయి దేశపు ఎంబసీకి ఆ వెసులుబాటు లేదు. తన అధికార పత్రాలు అందుకున్న ప్రభుత్వం పారిపోయింది. ఊళ్లోకి వచ్చిన ప్రభుత్వాన్ని తన దేశం ఇంకా గుర్తించలేదు. గేటు మీద జెండా ఎగురుతూనే ఉంటుంది గానీ, దాన్ని గౌరవించాల్సిన బాధ్యత అక్కడ ఎవరికీ ఉండదు. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల వశమైనప్పుడు మనవాళ్లు ఈ చిక్కునే ఎదుర్కొన్నారు. కానీ స్వతంత్ర భారతానికి అది కొత్త కాదు. స్వాతంత్య్రం వచ్చి రెండేళ్లు నిండకముందే చైనాలో మనకు ఆ అనుభవం అయింది. అప్పుడు అక్కడ మన రాయబారి సర్దార్ కావలం మాధవ పణిక్కర్.

మా తరం సైనికాధికారులకు పణిక్కర్ పేరు చైనాతో కాక సముద్రంతో ముందుగా పరిచయమైంది. హిందూ మహాసముద్రంపై పట్టు లేని భారతదేశానికి భద్రత ఉండదని వాదిస్తూ ఆయన రాసిన పుస్తకం 1945లో వెలువడింది. నౌకాదళం గురించి ఆలోచించేవారంతా ఇప్పటికీ దాన్ని తిరగేస్తారు. పదాతి దళం వాణ్నయిన నేను దాన్ని చదివింది ఆసక్తి కొద్దీనే. ఆయన చైనా అనుభవాలను అధ్యయనం చేసింది మాత్రం వృత్తిరీత్యా అవసరమై. ఉత్తర సరిహద్దులో పనిచేసిన ఏ అధికారికైనా ఆ చరిత్ర తెలియకుండా గడవదు.

పణిక్కర్ 1895లో కేరళ కుట్టనాడులోని కావలం గ్రామంలో పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు. చరిత్ర ఆయన విషయం. బారిస్టరు పట్టా కూడా ఉంది. అలీగఢ్‌లో పాఠాలు చెప్పారు. మద్రాసులో టంగుటూరి ప్రకాశం పంతులు నడిపిన స్వరాజ్య పత్రికలో పనిచేశారు. 1924లో ఢిల్లీలో మొదలైన హిందుస్థాన్ టైమ్స్‌కు తొలి సంపాదకుల్లో ఒకరయ్యారు. మలయాళంలో నవలలు రాశారు. ఆ తర్వాత సంస్థానాల కొలువులో చేరి పటియాలాలోనూ, బికనేర్‌లోనూ మంత్రి పదవులు నిర్వహించి, చివరికి బికనేర్ దివాను అయ్యారు. రాజ్యాంగ సభలో చేరడానికి ముందుకొచ్చిన మొదటి సంస్థానాల్లో బికనేర్ ఒకటి కావడం వెనుక ఆయన సలహా ఉంది. తాను కొలిచిన రాజ్యాలే కళ్లముందు కరిగిపోవడం చూసిన మనిషి కాబట్టి, ఏ ప్రభుత్వమూ శాశ్వతం కాదన్నది ఆయనకు పుస్తకాల్లోంచి వచ్చిన జ్ఞానం మాత్రమే కాదు.

1948 ఏప్రిల్‌లో పణిక్కర్ నాన్‌జింగ్ చేరారు. అప్పటి రాజధాని అదే. అధికారంలో ఉన్నది చియాంగ్ కై షేక్ నాయకత్వంలోని కువోమింటాంగ్. ఆ ప్రభుత్వంతో మనకున్నది పాత స్నేహం. 1939లో నెహ్రూ చుంగ్‌కింగ్ వెళ్లి వచ్చారు. 1942లో చియాంగ్ దంపతులు భారత్ వచ్చి, మన స్వాతంత్య్ర ఆకాంక్షకు మద్దతు పలికారు. కానీ పణిక్కర్ వెళ్లేసరికే అంతర్యుద్ధం కమ్యూనిస్టుల వైపు మొగ్గుతోంది. 1948 నవంబరు నుంచి 1949 జనవరి దాకా సాగిన హువైహై యుద్ధంలో కువోమింటాంగ్ అయిదు లక్షల మందికి పైగా సైనికులను పోగొట్టుకుంది. ఆ జనవరిలోనే చియాంగ్ అధ్యక్ష పదవి నుంచి తప్పుకున్నారు. ప్రభుత్వం దక్షిణాన ఉన్న కాంటన్‌కు తరలిపోతూ, ఎంబసీలన్నీ తన వెంట రావాలని కోరింది.

అక్కడ ఒక విచిత్రం జరిగింది. కమ్యూనిస్టులకు అందరికంటే దగ్గరైన సోవియట్ యూనియన్ తన రాయబారిని కువోమింటాంగ్ వెంట కాంటన్ పంపింది. కమ్యూనిస్టులంటే పడని అమెరికా, బ్రిటన్ రాయబారులు నాన్‌జింగ్‌లోనే ఉండిపోయారు. పణిక్కర్ కూడా కదలలేదు. ఓడిపోతున్న ప్రభుత్వం వెంట ఊరూరా తిరిగే ఎంబసీ చివరికి ఎవరితోనూ మాట్లాడలేని స్థితికి చేరుతుందని ఆయన అంచనా. ఢిల్లీ దాన్ని ఒప్పుకుంది.

1949 ఏప్రిల్ 20 రాత్రి కమ్యూనిస్టు సేనలు యాంగ్‌త్సీ నది దాటడం మొదలుపెట్టాయి. అదే రోజు ఉదయం, నాన్‌జింగ్‌లోని బ్రిటిష్ ఎంబసీకి కాపలాగా ఉన్న నౌక స్థానంలోకి వెళ్తున్న అమెథిస్ట్ అనే యుద్ధనౌకపై నది ఒడ్డునుంచి ఫిరంగులు పేలాయి. దాన్ని ఆదుకోవడానికి వెళ్లిన మరో మూడు నౌకలూ దెబ్బతిన్నాయి. నలభై మందికి పైగా బ్రిటిష్ నావికులు చనిపోయారు. అమెథిస్ట్ మూడు నెలలకు పైగా నదిలో చిక్కుకుపోయి, జులై నెలాఖరులో ఒక రాత్రి తప్పించుకుంది. ఎంబసీకి రక్షణగా పంపిన నౌకే బందీ అయిన ఈ ఘటన నుంచి సైనికుడు నేర్చుకోవాల్సింది ఉంది. యుద్ధం మధ్యలో చిక్కుకున్న ఎంబసీకి అరకొర బలగాన్ని పంపితే, కాపాడాల్సిన వారి సంఖ్య పెరుగుతుందే తప్ప భద్రత పెరగదు.

మూడు రోజుల్లో నాన్‌జింగ్ కమ్యూనిస్టుల చేతికి వచ్చింది. కొత్త పాలకులు రాయబారులెవరినీ రాయబారులుగా చూడలేదు. మీ ప్రభుత్వాలు మమ్మల్ని గుర్తించలేదు కనుక మీరు ఇక్కడ మామూలు విదేశీయులేనన్నది వారి వాదన. అమెరికా రాయబారి లైటన్ స్టూవర్ట్ పడకగదిలోకే సైనికులు వెళ్లారు. చైనాలోనే పుట్టి, బోధకుడిగా అక్కడే దశాబ్దాలు గడిపిన ఆయన ఆగస్టులో దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. పణిక్కర్‌కూ ప్రత్యేక హోదా ఏమీ దక్కలేదు. కానీ ఆయన ఆ నెలలను వృథా చేయలేదు. కొత్త సైన్యం క్రమశిక్షణను, నగర పాలన తీరును, ధరల అదుపును దగ్గరనుంచి గమనించారు. ఇది తాత్కాలిక కల్లోలం కాదని, ఈ ప్రభుత్వం నిలబడుతుందని నిర్ధారణకు వచ్చారు. ఆ తర్వాత ఢిల్లీ వచ్చి, త్వరగా గుర్తింపు ఇవ్వాలని వాదించారు. సర్దార్ పటేల్, రాజాజీ వంటివారు తొందర వద్దన్నారు.

1949 అక్టోబర్ 1న చైనా ప్రజా రిపబ్లిక్ ఏర్పడింది. డిసెంబర్ మధ్యలో బర్మా, డిసెంబర్ 30న భారత్, 1950 జనవరి మొదటి వారంలో పాకిస్తాన్, బ్రిటన్ గుర్తింపు ప్రకటించాయి. అన్నిటికీ ఒకే ఫలితం దక్కలేదు. కువోమింటాంగ్‌తో సంబంధాలు పూర్తిగా తెంచుకున్న భారత్‌తో 1950 ఏప్రిల్ 1న దౌత్య సంబంధాలు మొదలయ్యాయి. తైవాన్‌లో కాన్సులేట్ ఉంచుకున్న బ్రిటన్‌ను మాత్రం చైనా ఏళ్ల తరబడి గుమ్మం దగ్గరే నిలబెట్టింది. ఇరు దేశాలూ రాయబారులను మార్చుకున్నది 1972లోనే. రెండు ప్రభుత్వాలు ఒకే దేశం తమదంటున్నప్పుడు రెండు గుమ్మాల్లోనూ ఒక్కో కాలు పెట్టడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ కథకు ఢిల్లీలో మరో పార్శ్వం ఉంది. ఇక్కడ కువోమింటాంగ్ రాయబారి లో చియాలున్. పణిక్కర్‌లాగే ఆయనా చరిత్రకారుడు. మన గుర్తింపు ప్రకటనతో ఆయన ఎంబసీ ఒక్క రోజులో ఏ దేశానికీ చెందనిదైపోయింది. అయితే వెళ్లేముందు, 1949 నవంబరులో, ఆయన ఒక పని చేశారు. సిమ్లా ఒప్పందాన్ని చైనా అంగీకరించదని మన విదేశాంగ శాఖకు తెలియజేశారు. మెక్‌మహాన్ రేఖకు ఆధారం ఆ ఒప్పందమే. ఒకరినొకరు అంతం చేయాలనుకుంటున్న రెండు ప్రభుత్వాలకు ఈ ఒక్క విషయంలో తేడా లేదు. పాలకులు మారినా పటాల తగాదా మారదన్న హెచ్చరిక అది. ఇక లో చియాలున్ తర్వాత కొత్త చైనా ఢిల్లీకి పంపిన తొలి రాయబారి యువాన్ చుంగ్‌షియెన్ ఒక సైనిక జనరల్. అమెథిస్ట్ వ్యవహారంలో ఆ ప్రాంతపు సేనాధిపతి ఆయనే.

1950 మే 20న పణిక్కర్ బీజింగ్‌లో మావోకు అధికార పత్రాలు సమర్పించారు. ఒకే దేశంలో చియాంగ్ దగ్గరా, మావో దగ్గరా మన దేశం తరఫున నిలబడిన రాయబారి ఆయనే. మరుసటి నెలలో కొరియా యుద్ధం మొదలైంది. నాన్‌జింగ్‌లో ఓపిక పట్టినందుకు ఫలితం అక్టోబర్ 2 అర్ధరాత్రి దాటాక కనిపించింది. ప్రధాని చౌ ఎన్‌లై ఆయన్ను నిద్రలేపి పిలిపించారు. అమెరికా సేనలు 38వ అక్షాంశ రేఖ దాటి ఉత్తర కొరియాలోకి వస్తే చైనా యుద్ధంలోకి దిగుతుందనీ, దక్షిణ కొరియా సేనలు మాత్రమే దాటితే పట్టించుకోదనీ స్పష్టం చేశారు. బీజింగ్‌లో అమెరికాకు ఎంబసీ లేదు. ఆ సందేశం మోయడానికి భారత్ కావలసివచ్చింది. గంటల్లో అది ఢిల్లీ మీదుగా లండన్, వాషింగ్టన్ చేరింది. పణిక్కర్ కమ్యూనిస్టుల వైపు మొగ్గిన మనిషని అమెరికా దాన్ని బెదిరింపుగా కొట్టిపారేసింది. అక్టోబర్ 19న చైనా సేనలు యాలూ నది దాటడం మొదలుపెట్టాయి. నవంబరులో కొరియా చేరిన మన 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్, లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి.రంగరాజ్ నాయకత్వంలో, ఆ దాడి మధ్యలోనే ప్యాంగ్యాంగ్ నుంచి వెనక్కి రావాల్సివచ్చింది. మన రాయబారి చేరవేసిన హెచ్చరిక ఎంత నిజమో మన సైనిక వైద్యులే స్వయంగా చూశారు.

ఇంతవరకే అయితే పణిక్కర్ కథ మెచ్చుకోలుతో ముగించవచ్చు. కానీ అదే అక్టోబర్‌లో చైనా సేనలు టిబెట్‌లో అడుగుపెట్టి, 19వ తేదీకి చామ్‌దోను పట్టుకున్నాయి. లాసాలోని మన మిషన్ నుంచి వార్తలు వస్తున్నాయి. బీజింగ్ ఎంబసీ మాత్రం వాటికి నిర్ధారణ లేదన్న ధోరణిలో ఉండిపోయింది. చివరికి బీజింగ్ రేడియో ప్రకటనతోనే ఢిల్లీకి సందేహం తీరింది. నవంబర్ 7న నెహ్రూకు రాసిన లేఖలో పటేల్ మన రాయబారి తీరును నిశితంగా తప్పుపట్టారు. చైనా చర్యలకు సమర్థన వెతకడానికే ఆయన తంటాలు పడుతున్నారని పటేల్ అభిప్రాయం. చౌ మాట విని ప్రపంచాన్ని సరిగ్గా హెచ్చరించిన చెవే, అదే చౌ ఏం చెప్పడం లేదో పట్టుకోలేకపోయింది.

దీని పర్యవసానం సరిహద్దు మీద పడింది. మెక్‌మహాన్ రేఖే మన సరిహద్దని నెహ్రూ 1950 నవంబరులో పార్లమెంటులో ప్రకటించారు. దాన్ని చైనాతో చర్చల్లో మనంతట మనం లేవనెత్తితే తగాదాకు తావిచ్చినట్లవుతుందని, చైనా మౌనాన్ని అంగీకారంగానే తీసుకోవచ్చని పణిక్కర్ సలహా. గిరిజా శంకర్ బాజ్‌పాయ్ వంటి అనుభవజ్ఞులు వద్దని చెప్పినా, ఆ సలహానే నెగ్గింది. 1952లో లాసా మిషన్ కాన్సులేట్ జనరల్‌గా మారింది. 1954 ఏప్రిల్ నాటి టిబెట్ ఒప్పందంలో సరిహద్దు ఊసే లేదు. 1962 శీతాకాలంలో నామ్‌కా చూ ఒడ్డున, నూలు చొక్కాలతో, అరకొర మందుగుండుతో నిలబడిన జవాన్లు ఆ మౌనానికి మూల్యం చెల్లించారు. తప్పంతా పణిక్కర్‌దే అనడం అన్యాయం. సలహా ఆయనది, నిర్ణయం ప్రధానిది, సైనిక సన్నద్ధత లోపం మరెందరిదో.

చైనా తర్వాత పణిక్కర్ ఈజిప్టులో రాయబారిగా పనిచేశారు. ఫజల్ అలీ, కుంజ్రూలతో కలిసి రాష్ట్రాల పునర్‌వ్యవస్థీకరణ సంఘంలో సభ్యులయ్యారు. తెలంగాణను అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంగా విడిగా ఉంచి, 1961 ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో కోరితేనే ఆంధ్రతో కలపాలన్న 1955 నాటి సిఫార్సు కింద ఆయన సంతకమూ ఉంది. ఫ్రాన్స్‌లో రాయబారిగా, రాజ్యసభ సభ్యుడిగా, కశ్మీర్, మైసూరు విశ్వవిద్యాలయాల ఉపకులపతిగా పనిచేసి, 1963 డిసెంబరులో మైసూరులో కన్నుమూశారు. అప్పటికి చైనాతో యుద్ధం ముగిసి ఏడాది దాటింది.

ఆయన అనుభవం నేటికీ పనికొస్తుంది. 2021లో మనం కాబూల్ ఎంబసీ మూసి సిబ్బందిని వాయుసేన విమానాల్లో తీసుకొచ్చాం. 2022 జూన్‌లో సాంకేతిక బృందం పేరుతో తిరిగి వెళ్లాం. 2025 అక్టోబరులో దాన్ని మళ్లీ పూర్తి స్థాయి ఎంబసీ చేశాం. ఈలోగా ఢిల్లీలో పాత అఫ్గాన్ ప్రభుత్వం నియమించిన ఎంబసీ 2023 నవంబరులో మూతపడింది. తిరిగి వెళ్లడం సరైన పనేనని నా అభిప్రాయం. అక్కడ మనిషి లేకపోతే మనకు తెలిసేది ఇతరులు చెప్పినంతే. అయితే వెళ్లిన మనిషి ఒక్కడి మాట మీదే ఆధారపడకూడదు. ఆయన నివేదికను సైనిక నిఘాతో, పొరుగు రాజధానుల్లోని మన మిషన్ల సమాచారంతో సరిపోల్చే యంత్రాంగం ఢిల్లీలో ఉండాలి. కొత్త ప్రభుత్వంతో చేయి కలిపేటప్పుడే మన భద్రతకు సంబంధించిన షరతులను కాగితం మీద పెట్టించాలి. 1950లో మన చేతిలో ఉన్న బేరం అదే. గుర్తింపు ఇచ్చేశాక మనకు అడగడానికి మిగిలింది చాలా తక్కువ.