శివాజీ మహారాజు: సైనికుడును రైతును

శివాజీ యనగానే మనవారికి అఫ్జలుఖానుని వధయు, ఆగ్రానుండి తప్పించుకొని వచ్చుటయు స్ఫురించును. ఆ కథలు బాలురకును దెలిసినవే గావున వానిని నేనిచ్చట విస్తరింపను. ఆ మహారాజు పూనుకొనిన కార్యము వేఱొకటి కలదు. యుద్ధకాలమున ఆయుధధారి యగు సైనికుడు రైతు వాకిట నిలిచినపుడు ఎట్లు మెలగవలెనో నిర్ణయించి, ఆ నిర్ణయమును నడిపించుటయే యది. ఈ సంచికను జదువు సోదరులలోను పోషకులలోను నాగలి పట్టిన వంశములవారు పెక్కురు గలరు గావున ఈ భాగమునే యెంచుకొంటిని.

శివాజీ 1630వ సంవత్సరమున శివనేరి దుర్గమున జన్మించెను. తండ్రి షాహాజీ, తల్లి జిజాబాయి. ఆ యేటనే ఆరంభమైన మహాక్షామము దక్కను దేశమును వల్లకాడు గావించెను. దానికి తోడు అహమ్మదునగరపు సేనలును, బిజాపురపు సేనలును, మొగలు సేనలును ఒకదాని వెనుక నొకటి పల్లెలమీదుగా నడచుచుండెను. బిజాపురపు సేన పుణెను నేలమట్టము చేసి, ఆ నేలను గాడిదలచే దున్నించెనని చెప్పుదురు. తరువాత తల్లి వెంట నచ్చట పెరిగిన బాలుడు చూచినది బీడుపడిన పొలములను, పాడుపడిన యిండ్లను. జాగీరు వ్యవహారములు చూచుచుండిన దాదాజీ కొండదేవుడు తక్కువ శిస్తుకు భూములిచ్చి రైతులను మరల రప్పించెను. దండు పోయిన దారిలో ఊరు తిరిగి నిలుచుటకు ఎంతకాలము పట్టునో శివాజీ గ్రంథములలో చదువలేదు, కన్నులార చూచెను.

ఆనాటి సేనలలో సామాన్యముగా సర్దారునకు జాగీరుండెడిది. సైనికుని జీతము సర్దారుని దయపై నుండెడిది. జీతమందనివానికి కొల్లయే జీతము. శివాజీ ఈ మూలమునే పట్టుకొనెను. జాగీరులకు బదులు ఖజానానుండి రొక్కము నిచ్చు పద్ధతిని నెలకొల్పెను. సర్కారు గుఱ్ఱము నెక్కువాడు బార్గీరు. సొంత గుఱ్ఱముతో వచ్చువాడు శిలేదారు. ఇరువదియైదుగురు బార్గీరులపై నొక హవల్దారు, ఐదుగురు హవల్దారులపై నొక జుమ్లేదారు, పదిమంది జుమ్లేదారులపై నొక హజారీ. ప్రతి యిరువదియైదు గుఱ్ఱములకు ఒక నీళ్లవాడును, లాడములు కొట్టువాడును ఉండెడివారు. దసరాకు సేన బయలుదేరి, ఎనిమిది నెలలు పరదేశమున నుండి, వైశాఖమున మరలవలెను. పోవునపుడు ప్రతివాని సొత్తు జాబితా వ్రాయబడును. వచ్చినపుడు సోదా జరుగును. లెక్కకు మించినది సర్కారుకు చెందవలెను. దండులో స్త్రీలుగాని, దాసీలుగాని, ఆటకత్తెలుగాని ఉండరాదు. ఆజ్ఞ మీఱినవానికి శిరచ్ఛేదమే. శత్రుదేశమునందైనను స్త్రీలను, పిల్లలను పట్టరాదు. ఈ వివరములను ఆయన మరణానంతరము, కుమారుడగు రాజారాముని కాలమున, కృష్ణాజీ అనంత సభాసదు వ్రాసియుంచెను.

1673వ సంవత్సరమున, పట్టాభిషేకమునకు ముందేడు, కొంకణమున చిప్లూణు దరి విడిసియున్న అశ్వసేన యధికారులకు ఆయన పంపిన యొక తాకీదు నిలిచియున్నది. రాజ్యములు గెలిచిన ప్రభువు అందు గడ్డిని గూర్చియు, ఎలుకలను గూర్చియు వ్రాసెను! వర్షకాలమునకై కూర్చిన దాణా, గడ్డి లెక్కచూచి వాడుకొనవలెననియు, ముందే వ్యయమైనచో గుఱ్ఱములు చచ్చుననియు, ఆ పాపము అధికారులదే యనియు హెచ్చరించెను. అప్పుడు సైనికులు రైతుల యిండ్లపై బడి ధాన్యమో, రొట్టెయో, కట్టెలో, కూరగాయలో లాగుకొందురు. ప్రాణములరచేత బెట్టుకొని గుడిసెలలో నున్న రైతులు ఊరు విడుతురు. మొగలులకంటె మీరే యెక్కువ కీడని తలతురు అని వివరించెను. కావలసినది బజారులో సొమ్మిచ్చి కొనవలెను, ఎవ్వరిపైనను బలాత్కారము కూడదు. రాత్రి దీపములు ఆర్పకున్నచో ఎలుకలు వత్తి నీడ్చుకొనిపోయి గడ్డికుప్పలకు నిప్పంటించునని కూడ నందు గలదు. ఆయన దండయాత్రలన్నిటికంటె ఈ తాకీదే నాకు గొప్పదిగా దోచుచున్నది.

అయినను ఒక మాట దాచరాదు. ఈ కనికరము ప్రధానముగా తన రైతుల యెడలనే. 1664 జనవరిలో సూరతు పట్టణమును ఆయన సేన నాలుగు దినములు కొల్లగొట్టెను. 1670లో మరల గొట్టెను. సొత్తు దాచిరన్న యనుమానముపై కొందఱి చేతులు ఖండింపబడెనని ఆంగ్ల వర్తకుల లేఖలు తెలుపుచున్నవి. మొగలులు తనపై తెచ్చిన యుద్ధపు వ్యయమును మొగలుల పట్టణమే యిచ్చుకొనవలెనన్నది ఆయన వాదము. సూరతు వర్తకుని గుమాస్తాకు ఆ వాదము ఎట్లు రుచించును? తన ఖజానా నింపినది పరుల కొల్లయే గదా యని యడుగువారికి పూర్తి సమాధానము నాకు దొరకలేదు.

మన దేశమువారు ఆయన సేనను 1677లో చూచిరి. గోలకొండ సుల్తానగు తానీషాతో మైత్రికై హైదరాబాదునకు వచ్చుచు, కుతుబుషాహి సీమలో ప్రవేశించినది మొదలు గడ్డిపోచయైనను ఊరక ముట్టరాదని ఆయన కట్టడి చేసెను. మీఱిన కొందఱికి కఠినశిక్షలు జరిగెను. మాదన్న మంత్రిత్వము నెఱపుచున్న ఆ నగరమున నొక మాసము నిలిచి, శ్రీశైలమున మల్లికార్జునుని సేవించి, దక్షిణమున జింజికి సాగెను. అచ్చట కర్ణాటకమున మాత్రము ఆ సేన ధనమునకై ప్రజలను పీడించెనని పాశ్చాత్యుల లేఖలలో గలదు.

1680 ఏప్రిలు 3వ తేదీన రాయగడమున శివాజీ పరమపదించెను. తొమ్మిదేండ్లలో రాయగడము మొగలుల పాలయ్యెను. ఖజానా శూన్యమైన రాజారాముడు సర్దారులకు మరల జాగీరులే యీయవలసి వచ్చెను. తరువాతి శతాబ్దమున, 1740 తరువాతి దశాబ్దములో, నాగపురపు రఘూజీ భోంస్లే సేనలు వంగదేశముపై బడి ఏటేట ఊళ్లను దోచెను. బార్గీరు అను పదము వంగభాషలో బర్గీ యయ్యెను. సర్కారు జీతముపై సర్కారు గుఱ్ఱము నెక్కి, కూరగాయలకును వెలయిచ్చుమని శివాజీ శాసించిన యా బార్గీరు పేరే, వంగదేశపు తల్లులు బిడ్డలను భయపెట్టి నిదురపుచ్చు జోలపాటలో చేరెను.